‘నాలో ఏ లోపమూ కనబడటం లేదు’ అంటున్న సంఘపెద్దకు

ప్రశ్న: నా వయసు 48. మారుమనస్సు పొంది 21 ఏళ్లయింది, 9 ఏళ్లుగా సంఘపెద్దగా ఉన్నాను. రోజూ తెల్లవారుజామున 5 గంటలకు ప్రార్థన చేస్తాను, శుక్రవారం ఉపవాసం ఉంటాను, దశమభాగం ఏ నెలా తప్పకుండా ఇస్తాను. మూడు నెలల కిందట ఇంట్లో ఉంచిన సంఘం కానుకల కవరులో డబ్బు తక్కువైంది. 17 ఏళ్ల మా అమ్మాయి మీద అనుమానం వచ్చింది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో, వాళ్ల నానమ్మ, తమ్ముడు ఉండగా, ‘ప్రభువా, ఈ ఇంట్లో ఆకాను ఉంటే బయటపెట్టు’ అని ప్రార్థించాను. ఆకాను అంటే బైబిలులో దొంగసొత్తు దాచినవాడు గనుక ఎవరి గురించో అందరికీ అర్థమైంది. నాలుగు రోజుల తర్వాత ఆ డబ్బు నా బైబిలు సంచిలోనే దొరికింది. పొరపాటు దొర్లిందని ఇంట్లో చెప్పాను. అప్పటినుంచి అమ్మాయి ప్రార్థనకు కూర్చోవడం లేదు, నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. ‘దేవుడి ముందు రోజూ మోకరిస్తారు, పిల్లని ఒక్క మాట అడగలేరా’ అంటుంది నా భార్య. తండ్రే కూతుర్ని క్షమాపణ అడిగితే ఇంట్లో ఇక భయభక్తులు ఉంటాయా? ఈమధ్య నా ప్రార్థన కూడా ఎండిపోయింది. ఎంత పరీక్షించుకున్నా నాలో ఏ లోపమూ కనబడటం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

సోదరా, మీరు రెండు ప్రశ్నలు అడిగారనుకుంటున్నారు. నాకు ఒకటే కనిపిస్తోంది. అమ్మాయి సంగతి వేరు, ప్రార్థన ఎండిపోయిన సంగతి వేరు కాదు. కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను: అమ్మాయిని క్షమాపణ అడగండి, ఈ వారంలోనే. ఎందుకో, ఎలాగో తర్వాత చూద్దాం.

ముందు మీ ఉత్తరాన్నే ఒకసారి మళ్లీ చదవండి. క్రియాపదాలు మాత్రం చూడండి. ప్రార్థన చేస్తాను, ఉపవాసం ఉంటాను, దశమభాగం ఇస్తాను. ఇవన్నీ మీరు చేసినవే, కర్త స్పష్టంగా ఉన్నాడు. ఆ తర్వాత భాష మారిపోయింది. డబ్బు ‘తక్కువైంది’, అనుమానం ‘వచ్చింది’, డబ్బు ‘దొరికింది’, పొరపాటు ‘దొర్లింది’. మంచి పనులన్నీ మీరు చేశారు, చెడ్డవన్నీ వాటంతట అవే జరిగాయి. మధ్యలో కూతురిపై వేసిన నింద ఒక్కటి మాత్రం మీ పనిగా ఒప్పుకున్నారు, అదీ ‘ప్రార్థించాను’ అన్న పేరుతో. మీరు కావాలని ఇలా రాశారని అనడం లేదు. మన భాషలో ఈ సదుపాయం బాగా ఉంది: మాట జారింది, నోరు తూలింది, చెయ్యి లేచింది. విశ్వాసులకు ఇంకో రెండు అదనంగా దొరుకుతాయి, ‘శోధనలో పడ్డాను’, ‘సాతాను నన్ను వాడుకున్నాడు’. లోపం ఎంత వెతికినా కనబడకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంది. తప్పు చేసినవాణ్ణి వాక్యంలోంచే తీసేశాక వెతికితే ఎవరు దొరుకుతారు?

ఇప్పుడు ఆ రాత్రి ప్రార్థన. అమ్మాయిని పక్కకు పిలిచి ‘డబ్బు తీశావా’ అని గద్దించి అడిగి ఉంటే అంత గాయం అయ్యేది కాదు. ‘లేదు నాన్నా’ అనడానికి వీలుండేది. ప్రార్థనలో అన్నమాటకు జవాబు చెప్పే దారి లేదు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు, మధ్యలో మాట్లాడితే దేవుణ్ణి అగౌరవపరిచినట్టు, చివర్లో అందరితోపాటు ‘ఆమేన్’ కూడా అనాలి. తన మీద వేసిన నిందకు తనచేతే ఆమేన్ చెప్పించారు. ఆమె ప్రార్థనకు కూర్చోకపోవడం దేవుడి మీద తిరుగుబాటు కాదు. తనను కొట్టిన చోటికి రాకుండా ఉండటం, అంతే.

ఆకాను పేరు ఎత్తారు గనుక యెహోషువ 7వ అధ్యాయం తీయండి. అక్కడ గోత్రం, వంశం, కుటుంబం అంటూ వరసగా విడదీసి దోషి ఎవరో తేల్చింది దేవుడు, యెహోషువ అనుమానం కాదు. దోషి అని తేలిన మనిషితో కూడా యెహోషువ మొదలుపెట్టిన మాట ‘నా కుమారుడా’. నిజంగా దొంగిలించినవాడికి దక్కిన ఆ పిలుపు, ఏమీ తీయని మీ అమ్మాయికి దక్కలేదు.

ఇక లోపం కనబడటం లేదన్న మాట. అపొస్తలుడైన పౌలు కూడా ఈ మాట అన్నాడు: ‘నాయందు నాకు ఏ దోషమును కానరాదు’ (1 కొరింథీ 4:4). అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ‘అయినను ఇందువలన నీతిమంతుడుగా ఎంచబడను’ అన్నాడు. కనబడకపోవడం లేకపోవడానికి రుజువు కాదని ఆయనకు తెలుసు. దావీదు 139వ కీర్తన చివర్లో ‘దేవా, నన్ను పరిశోధించి’ అని అడుగుతాడు గానీ, ‘నన్ను నేను పరిశోధించుకున్నాను, ఇదిగో ఫలితం’ అనడు. ఆత్మపరీక్షలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పరీక్ష పెట్టేదీ మనమే, రాసేదీ మనమే, దిద్దేదీ మనమే అయితే మార్కులు బాగానే వస్తాయి. పైగా మనం దిద్దుకునే ప్రశ్నపత్రంలో వ్యభిచారం, దొంగతనం, తాగుడులాంటివే ఉంటాయి. ‘నా ఇంట్లో నన్ను చూసి ఎవరు భయపడుతున్నారు?’ అన్న ప్రశ్న ఉండదు.

లూకా 18లో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడు, చేసిన ప్రార్థన మీకు కంఠతా వచ్చే ఉంటుంది. దాని మీద బోధించి కూడా ఉంటారు. అయినా మళ్లీ చూడండి. ధర్మశాస్త్రం అందరికీ విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్క రోజు, ప్రాయశ్చిత్త దినాన. ఈయన వారానికి రెండుసార్లు, అంటే ఏడాదికి వందకు పైగా ఉంటున్నాడు. అబద్ధం చెప్పడం లేదు. పైగా దేవుడికే స్తుతి చెల్లిస్తున్నాడు, ఘనత తనదే అని కూడా అనలేదు. మరి ఏం తక్కువైంది? ఆ ప్రార్థనలో విన్నపం లేదు. మొదటినుంచి చివరిదాకా వెతికినా ‘ఇవ్వు’ అన్న మాట ఒక్కటీ దొరకదు. దేవుడు వినాలి, అంతే, చెయ్యవలసింది ఏమీ లేదు. అదే చోట ప్రార్థించిన సుంకరి, అంటే పన్నులు వసూలుచేసేవాడు, అతని ప్రార్థనలో ఉన్నదంతా విన్నపమే: ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము.’ వాడు పక్కవాడి వైపు చూడలేదు, పరిసయ్యుడు చూశాడు, ‘ఈ సుంకరివలె’ అని వేలు కూడా చూపించాడు. మీ ఆకాను ప్రార్థన ఈ రెండింటిలో దేనికి దగ్గరో మీరే తేల్చుకోండి.

ఎండిపోయిందంటున్న మీ ప్రార్థనకు ఇదే నాడి అని నా అభిప్రాయం. రేపు ఉదయం 5 గంటలకు మీరు పలికే మాటల్లో సొంతానికి అడిగేది ఎంతో గమనించండి. సంఘం కోసం, రోగుల కోసం, పిల్లల మార్పు కోసం విజ్ఞాపనలు ఉంటాయి, అవి మంచివే. కానీ అందులో మీరు ఎప్పుడూ పంచిపెట్టేవాడే, చెయ్యి చాచినవాడు కాదు.

‘ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు’ అన్న మాట (మత్తయి 5:3) మనకు అలవాటైపోయి దాని పదును తెలియడం లేదు. ‘దీనులు’ అనగానే మెత్తగా మాట్లాడేవాళ్లు, తల వంచుకుని నడిచేవాళ్లు గుర్తొస్తారు. గ్రీకులో పేదవాడికి రెండు మాటలున్నాయి. కష్టపడి పనిచేసి, ఏ రోజుది ఆ రోజు తినేవాడు ‘పెనేస్’. ఏమీ లేక ముడుచుకుని కూర్చుని చెయ్యి చాచేవాడు ‘ప్టోకోస్’. ప్రభువు వాడిన మాట రెండోది. లూకా 16లో ధనవంతుడి వాకిట పడి ఉన్న లాజరుకు వాడిందీ అదే. తెలుగులో ఒకచోట ‘దీనులు’, ఒకచోట ‘దరిద్రుడు’ అని ఉండటంతో ఆ చుట్టరికం మనకు కనబడదు. 9 ఏళ్లు సేవచేసిన సంఘపెద్ద ఆత్మ విషయంలో తనను పెనేస్ అనుకోవడం తేలిక: పేదవాణ్ణే గానీ నా కష్టం నాకుంది, ఎంతో కొంత సంపాదించుకున్నాను అని. కష్టం మీద కాస్త గౌరవం మిగులుతుంది కూడా. ప్టోకోస్‌కి అది మిగలదు. 1546 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ చనిపోయినప్పుడు ఆయన చివరిగా రాసుకున్న చీటీ దొరికింది. దాని ముగింపు మాటలు, ‘మనం భిక్షగాళ్లం, ఇది నిజం.’ బైబిలును జర్మన్‌లోకి తెచ్చి, దశాబ్దాలపాటు బోధించిన మనిషి చివరి లెక్క అది. పౌలు కూడా పెద్దయ్యేకొద్దీ తగ్గుతూ వచ్చాడు: కొరింథీయులకు రాసినప్పుడు ‘అపొస్తలులందరిలో తక్కువవాడను’, ఎఫెసీయులకు రాసినప్పుడు ‘పరిశుద్ధులందరిలో అత్యల్పుడను’, తిమోతికి రాసినప్పుడు పాపులలో ‘నేను ప్రధానుడను’. ఒకప్పుడు ప్రధానుడిగా ఉండేవాణ్ణి అనలేదు, ‘ప్రధానుడను’ అన్నాడు.

అలాగని రేపటినుంచి ‘నేను పురుగును, దేనికీ పనికిరానివాణ్ణి’ అని మొదలుపెట్టకండి. అది తేలికైన దొంగదారి. ‘నేను ఘోరపాపిని’ అని సంఘం ముందు చెప్పడానికి ఎవరికీ కష్టం ఉండదు, వినేవాళ్లు మెచ్చుకుంటారు కూడా. ‘ఆ రాత్రి నిన్ను దొంగ అన్నాను’ అని 17 ఏళ్ల పిల్లతో చెప్పడం కష్టం. మొత్తంగా ఒప్పుకునే పాపం నొప్పి పెట్టదు, పేరు పెట్టి ఒప్పుకునేదే పెడుతుంది. 2 కొరింథీ 7:10లో పౌలు రెండు దుఃఖాల్ని వేరుచేశాడు, దైవచిత్తానుసారమైనది, లోకసంబంధమైనది. తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. మొదటిది ఫలానా రోజు ఫలానా పని అని వేలుపెట్టి చూపిస్తుంది, వెళ్లి సరిచెయ్యమంటుంది. రెండోది నువ్వే చెడ్డవాడివని రోజంతా గొణుగుతుంది, చెయ్యడానికి ఏ పనీ చూపించదు. రెండోది మిమ్మల్ని పట్టుకుని, రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి దెబ్బతింటే అది వినయం కాదు, వైద్యుణ్ణి కలవాల్సిన సంగతి.

సరే, అడగడం ఎలాగో చూద్దాం.

మొదట ఆమె దగ్గరికి ఒంటరిగా వెళ్లండి. ఆమె ఏ పనిలోనూ లేని సమయం చూసుకుని, ‘ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా’ అని అడగండి. వద్దంటే రేపు అడగండి. గదిలోకి పిలిపించుకోకండి, మీరే వెళ్లండి. బైబిలు చేతిలో పట్టుకుని వెళ్లవద్దు. కన్నీళ్లు తెచ్చుకోవద్దు. తండ్రి ఏడిస్తే పిల్లే ఓదార్చాల్సి వస్తుంది, ఓదార్పు అందాల్సింది ఆమెకు. మాటలు ముందే కాగితం మీద రాసి చూసుకోండి, నాలుగు వాక్యాలకు మించవద్దు. ఇలా ఉండొచ్చు:

‘ఆ రోజు డబ్బు నువ్వు తీశావని నేను అనుకున్నాను. నిన్ను అడగకుండా, నానమ్మ ముందు, తమ్ముడి ముందు ప్రార్థనలో నిన్ను దొంగని చేశాను. డబ్బు నా సంచిలోనే దొరికాక కూడా నీకు క్షమాపణ చెప్పలేదు. తప్పు నాది, నన్ను క్షమించమని అడుగుతున్నాను.’

ప్రతి వాక్యానికీ ‘నేను’ కర్తగా ఉందో లేదో చూసుకోండి. ‘నువ్వు బాధపడి ఉంటే’ అన్నారో, అంతా పోయింది. బాధపడిందా లేదా అన్నది ఇప్పుడు సందేహం కాదు. ‘గానీ’, ‘అయితే’, ‘కానుకల డబ్బు కదా, నా కంగారు నాది’ అనేవి ఏవీ రాకూడదు. ముఖ్యంగా క్షమించడం గురించిన వాక్యం ఏదీ ఎత్తకండి. డెబ్బది ఏళ్ల మారులు క్షమించాలన్నది మీకు ఆమె చెప్పాల్సిన మాటే గానీ, మీరు ఆమెకు గుర్తుచెయ్యాల్సింది కాదు.

అవమానం అందరి ముందు జరిగింది గనుక క్షమాపణ ఆ గదిలోనే ఆగిపోకూడదు. ఆమెతో మాట్లాడాక, ‘నానమ్మకీ తమ్ముడికీ కూడా చెబుతాను, నువ్వు ఉన్నప్పుడు చెప్పనా, లేనప్పుడు చెప్పనా?’ అని అడగండి. ఎలా అంటే అలా. అది కూడా ప్రార్థనలో కలపవద్దు. కళ్లు తెరిచి, మనుషులతో, మామూలు గొంతుతో చెప్పండి.

ఆమె ఏమంటుందో నేను చెప్పలేను. ఏమీ అనకపోవచ్చు. ఇంకా పాత సంగతులు నాలుగు బయటికి తీయవచ్చు, వాటిలో ఒకటి రెండు మీకు అన్యాయంగా తోచవచ్చు. ఆ పూట దేన్నీ సరిదిద్దకండి. ‘విన్నాను, ఆలోచిస్తాను’ అనండి, నిజంగానే ఆలోచించండి. మీరు వెతికినా దొరకని లోపాల జాబితా ఆమె దగ్గర ఉంది, మీ భార్య దగ్గర ఇంకొంచెం పొడుగ్గా ఉండి ఉంటుంది. వాళ్లిద్దరూ చెప్పేదంతా నిజమని కాదు. 139వ కీర్తనలో మీరు అడిగే పరిశోధన ఇంట్లోవాళ్ల నోటినుంచి కూడా రావచ్చని.

భయభక్తులు పోతాయన్న మీ సందేహాన్ని తేలిగ్గా తీసెయ్యను, ఎందరో తండ్రులు అడిగే మాటే ఇది. కానీ భయం వేరు, భక్తి వేరు. ప్రస్తుతం ఇంట్లో మొదటిది ఉంది, రెండోది ప్రార్థనకు రావడం మానేసింది. ‘తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి’ అని కొలొస్సయి 3:21లో హెచ్చరిక ఇచ్చింది తండ్రులకే. తప్పు చేసినా ఒప్పుకోనక్కర్లేని స్థానం ఒకటుంది, పెద్దయితే దొరుకుతుంది అని ఇన్నాళ్లూ మీ అబ్బాయి కూడా చూసి నేర్చుకుంటున్నాడు. శిష్యుల కాళ్లు కడిగిన రోజున యేసు ‘బోధకుడనియు ప్రభువనియు’ అన్న పిలుపును వదులుకోలేదు. ‘మీరిట్లు పిలుచుట న్యాయమే’ అన్నాడు (యోహాను 13:13), తువాలు నడుముకు కట్టుకుని కాళ్లు కడిగి వచ్చి కూర్చున్నాక.

ఆలస్యం ఎందుకు వద్దంటున్నానంటే, మత్తయి 5:23-24లో వరస అలా ఉంది. అర్పణ బలిపీఠం ఎదుటే విడిచిపెట్టి ‘మొదట వెళ్లి’ సమాధానపడమన్నారు. ఆ మాట విన్నది గలిలయ జనం, బలిపీఠం ఉన్నది యెరూషలేములో. కాలినడకన కొన్ని రోజుల దారి. అర్పణ అక్కడ వదిలి, ఇంటికి వచ్చి, సమాధానపడి, మళ్లీ వెళ్లమని. మీ అమ్మాయి పక్క గదిలో ఉంది.

క్షమాపణ అయ్యేదాకా ఉదయపు ప్రార్థన మానమని కాదు. తీరు మార్చండి. మూడు వారాలపాటు ఇలా చేసి చూడండి. మొదటి ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండండి, మాటల మీద పట్టున్నవాళ్లకు ఇది మహా కష్టం. తర్వాత ‘పాపినైన నన్ను కరుణించుము’ అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి, నిన్న మీరు చేసిన ఒక పనిని, ఒక మనిషి పేరుతో సహా చెప్పండి. ఒకటి చాలు, జాబితా వద్దు. ఆ రోజుకు మీకు లేనిది, మీ అంతట మీరు తెచ్చుకోలేనిది ఒకటి అడగండి, ఓర్పో, వినే చెవో. ఇంట్లోవాళ్లను మార్చమన్న విన్నపాలు ఈ మూడు వారాలు పక్కన పెట్టండి. అమ్మాయి కోసం ప్రార్థించాలనిపిస్తే ‘ఆమెను ఆశీర్వదించు’ అన్నంతవరకే. మొదటి వారం ఇంకా పొడిగా అనిపించవచ్చు, మోసపోకండి. ఇన్నాళ్లూ వాగ్ధాటి తడిగా కనబడేది, అది తీసేస్తే అడుగు కనిపిస్తుంది. రాయడం అలవాటైతే ఆ ఒక్క వాక్యం తేదీ వేసి రాసుకోండి, ఎవరికీ చూపించకండి.

శుక్రవారం ఉపవాసం సంగతి మీ ఇష్టం. ఉంటే ఈ మూడు వారాలు మాత్రం సంఘంలో ఎవరికీ తెలియకుండా ఉండండి.

ఇంకో మనిషి కావాలి. యాకోబు 5:16 ‘మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి’ అంటుంది. మీకన్నా చిన్నవాళ్లతో, మీ మీద ఆధారపడ్డవాళ్లతో ఇది కుదరదు, వాళ్లు మిమ్మల్ని పొగిడి పంపుతారు. సంఘ కాపరి గానీ, మీ మొహం మీద నిజం చెప్పగల వయసుమళ్లిన విశ్వాసి గానీ, పదిహేను రోజులకొకసారి అరగంట చాలు. అమ్మాయి పేరు బజారున పడకుండా నోరు కట్టుకోగలవారై ఉండాలి. సంఘంలో లేచి దీన్ని సాక్ష్యంగా చెప్పాలని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. అది ఆమె గాయం, మీ సాక్ష్యం కాదు.

చిన్న సంగతి ఒకటి, కానీ చెప్పకుండా ఉండలేను. కానుకల డబ్బు ఒక్కరి ఇంట్లో, ఒక్కరి లెక్క మీద ఎందుకు ఉంటోంది? యెరూషలేము సంఘానికి చందా తీసుకువెళ్లేటప్పుడు పౌలు తోడుగా మనుషుల్ని పెట్టుకున్నాడు, తనమీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నానని రాశాడు (2 కొరింథీ 8:20-21). అపొస్తలుడికి అవసరమైన జాగ్రత్త మనకు అవమానం కాదు. ఆరాధన అయిన వెంటనే ఇద్దరు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి, ఆ రోజో మర్నాడో బ్యాంకులో వేసే పద్ధతి పెట్టమని మీరే సంఘంలో అడగండి. కారణం అడిగితే ‘నా దగ్గర ఒకసారి లెక్క తప్పింది’ అని చెప్పండి. ‘లెక్క తప్పాను’ అంటే ఇంకా మంచిది.

కుటుంబ ప్రార్థనకు అమ్మాయిని రమ్మని పిలవకండి, తల్లిచేత పిలిపించకండి. కొన్ని వారాలు మీరు నడిపించకుండా మీ భార్యనో, అబ్బాయినో నడిపించనివ్వండి, మీరు వింటూ కూర్చోండి. ఎప్పుడో ఒక రాత్రి ఆమె వచ్చి తలుపు దగ్గర కూర్చుంటే, ‘స్తోత్రం’ అని గట్టిగా అనకండి, ఆమె పేరెత్తి ప్రార్థించకండి. చదవాల్సిన కీర్తన చదివి, ఎప్పటిలాగే ముగించండి.